పెద్దతెరతో వియ్యం

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. వాళ్ళే ఈ రోజుల్లో ఉంటే "ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించి చూడు" అని మూడో మాట కూడా చేర్చేవారేమోనని నా అనుమానం. మొదటి రెండింటికీ డబ్బు కావాలి. మూడోదానికి డబ్బు అంతగా అక్కర్లేదుగాని ఓర్పు మాత్రం బోలెడంత కావాలి. పైగా ఇల్లూ, పెళ్ళీ జన్మానికి ఒకటి రెండుసార్లు వచ్చే వ్యవహారాలు. ఇది అలా కాదే! పండగపూట అమెరికా పిల్లలు కనబడతామన్నా, పెళ్ళి వీడియో అందరం కలిసి చూద్దామన్నా మళ్ళీ మొదటికి వస్తుంది.

"అదేముంది, తీగ ఇటు గుచ్చి అటు గుచ్చటమేగా" అంటారు మగవాళ్ళు. అనేసి టీవీ వెనక్కి వంగినవారు అరగంట దాకా పైకి లేవరు. బొమ్మ వస్తే మాట రాదు. మాట వస్తే బొమ్మ రాదు. రెండూ వస్తే అంచులు తెగిపోతాయి. ఇదీ తెరే, అదీ తెరే. రెంటిలోనూ వచ్చేవి బొమ్మలే. మరి ఒకదాంట్లోది ఇంకోదాంట్లోకి వెళ్ళటానికి ఇంత తతంగం ఎందుకు?

నేను చదివింది బి.ఏ. కరెంటు సంగతులు నా పాఠాల్లో లేవు, చరిత్ర ఉంది. ఏ వియ్యంలోనైనా పేచీలు ఎక్కణ్ణించి వచ్చాయో తెలియాలంటే ముందు రెండువైపులవాళ్ళ పుట్టుపూర్వోత్తరాలు కనుక్కోవాలి. అంచేత నేను కొన్నాళ్ళు కూర్చుని ఆ పనే చేశాను. తవ్వినకొద్దీ, ఏ నవలకీ తీసిపోని మనుషులు బయటపడ్డారు.

టీవీది మొదటినించీ నలుగురిలో మెలిగే వంశం. మన దేశంలో అది 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో అడుగుపెట్టింది. పల్లెటూళ్ళ సంగతికొస్తే, 1975 ఆగస్టు 1 నించి ఒక ఏడాదిపాటు అమెరికావారి ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో 2400 గ్రామాలకి టీవీ చూపించారు. అందులో మన ఆంధ్రప్రదేశ్ పల్లెలూ ఉన్నాయి, తెలుగు కార్యక్రమాలూ ఉన్నాయి. ఊరికి ఒక్క పెట్టె. దాని ముందు ఊరంతా చాపలు పరుచుకుని కూర్చునేది. మాట్లాడేది పెట్టె, వినేది జనం. హరికథ చెప్పే దాసుగారిలాగన్నమాట. ఆయన చెప్పాలి, మనం వినాలి. మధ్యలో లేచి మనమో మాట అనటం అనేది లేదు.

కంప్యూటరు వంశం వేరు. వాళ్ళది కరణీకం. తలుపులు వేసుకుని లెక్కలు చూసుకునేవాళ్ళు. నలుగురి ముందుకూ వచ్చే అలవాటు లేదు. తొలినాళ్ళలో అడిగినదానికి జవాబు కూడా చాలావరకు కాగితం మీద టైపు కొట్టి ఇచ్చేవాళ్ళేగాని ముఖం చూపించేవాళ్ళు కాదు. తెర ఉన్న కంప్యూటర్లు కొద్ది. వాటి ఖరీదు వింటే గుండె ఆగిపోవాలి.

అలాంటి కరణంగారిని మొదటిసారి ఒక ఇంటికి తెచ్చుకున్నది ఎవరో తెలుసా? ఒక ఆడపిల్ల. అదీ పుట్టింటికి! ఆవిడ పేరు మేరీ ఆలెన్ విల్క్స్. చదివింది ఫిలాసఫీ, అంటే మనలాగే ఆర్ట్సు. అమెరికాలో ఎం.ఐ.టి. అనే పెద్ద విద్యాసంస్థలో 'లింక్' అనే కంప్యూటరు తయారుచేసిన బృందంలో పనిచేసేది. ఆ బృందం 1964లో సెయింట్ లూయిస్ నగరానికి తరలిపోయింది. ఆవిడకి అక్కడికి వెళ్ళటం ఇష్టం లేకపోయింది. ఉద్యోగం మానేస్తుందేమో అనుకుంటాం మనం. వాళ్ళు కంప్యూటర్నే బాల్టిమోర్‌లో ఆవిడ తల్లిదండ్రుల ఇంటికి పంపించేశారు! 1965లో ఆవిడ ఆ ఇంట్లో కూర్చుని, ఆ యంత్రం నడవటానికి కావలసిన ముఖ్యమైన ప్రోగ్రాము రాసింది. ఇంటినించి ఉద్యోగం చెయ్యటం మొన్నమొన్న వచ్చిన వింత అనుకుంటున్నాం గాని, ఆవిడ అరవై ఏళ్ళ కిందటే చేసి చూపించింది. ఇంట్లో కంప్యూటరు పెట్టుకుని వాడిన తొలివ్యక్తిగా ఆవిడ పేరే చెప్పుకుంటారు. తరవాత ఆ పని వదిలేసి, లా చదివి లాయరు కూడా అయింది.

లింక్‌కి తనదంటూ ఒక చిన్న తెర ఉంది. హాల్లో ఉండే టీవీతో దానికి పనిపడలేదు. ఆ సంబంధం సంగతి తలపెట్టినది మరొకాయన. రాల్ఫ్ బేర్ అని, జర్మనీలో పుట్టిన యూదు కుటుంబంలోని కుర్రాడు. హిట్లర్ హయాంలో అక్కడ బతుకు దుర్భరమై 1938లో ఆ కుటుంబం అమెరికా చేరుకుంది. పోస్టల్ కోర్సులో రేడియో రిపేరు నేర్చుకుని పొట్టపోసుకున్న మనిషి, క్రమంగా రక్షణశాఖకి యంత్రాలు చేసే ఒక కంపెనీలో ఇంజనీరు అయ్యాడు. 1966 వేసవి చివర న్యూయార్క్‌లో బస్సు కోసం ఎదురుచూస్తూ ఉంటే ఆయనకి ఒక ఆలోచన తట్టింది. దేశంలో కోట్లకొద్దీ టీవీలున్నాయి. వాటితో జనం చేస్తున్నదేమిటి? వచ్చింది చూడటం, లేకపోతే కట్టెయ్యటం. ఇంతేనా? ఇంకేదైనా చేయించకూడదా? మర్నాడు, సెప్టెంబరు 1న, ఆఫీసుకి వెళ్ళి నాలుగు పేజీలు రాసి పెట్టాడు.

ఆ నాలుగు పేజీల ఫలితమే 1972లో అమెరికా బజార్లోకి వచ్చిన 'ఒడిస్సీ' అనే ఆటపెట్టె. అది టీవీకి తగిలించుకునే మొదటి వీడియో గేము. రంగులు లేవు, శబ్దం లేదు. ఉన్నవి తెల్లటి చుక్కలూ, ఒక గీతా. మిగతా హంగంతా పలచని ప్లాస్టిక్ షీట్లమీద అచ్చువేసి ఇచ్చారు. టెన్నిస్ ఆడాలంటే ఆ కోర్టు బొమ్మ ఉన్న షీటు టీవీ అద్దానికి అతికించుకోవాలి. చిన్న టీవీకి ఒక కొలత, పెద్ద టీవీకి ఇంకో కొలత. నవ్వొస్తుంది గాని, ఆ షీటు అతికించిన క్షణాన టీవీ చరిత్రలో ఒక కొత్త సంగతి జరిగింది. మొదటిసారిగా ఆ పెట్టెలో ఏం కనబడాలో ఇంట్లోవాళ్ళ చెయ్యి నిర్ణయించింది. బేర్‌గారికి 2006లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా దేశంలోకెల్లా పెద్దదైన సాంకేతిక పురస్కారం దక్కింది. పోస్టల్ కోర్సు చదువుని చిన్నచూపు చూసేవాళ్ళు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఈలోగా ఇంకో విచిత్రం జరిగింది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో సుమారు వెయ్యిమంది ఇంజనీర్ల ముందు డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అనే ఆయన తన కంప్యూటరు ఎలా పనిచేస్తుందో చూపించాడు. మనం ఇవాళ చేతికింద ఆడించే మౌసుని లోకం మొదట చూసింది ఆ రోజే. కంప్యూటరు మాత్రం అక్కడ లేదు, దాదాపు 50 కిలోమీటర్ల అవతల తన ల్యాబులో ఉంది. తెరలు చూస్తే బుల్లి తెరలు. వెయ్యిమందికి ఎలా చూపించటం? ఆయన మనుషులు చేసిన ఏర్పాటు వింటే మన వంటింటి తెలివి గుర్తొస్తుంది. బుల్లి తెర ముందు ఒక టీవీ కెమెరా పెట్టారు! ఆ కెమెరా చూసిన బొమ్మని గాలిలో పంపించి, సభలో పెద్ద తెరమీద పడేట్టు చేశారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. కరణంగారు మొట్టమొదట అంత పెద్ద సభకి రావటానికి పల్లకీ మోసింది టీవీవారే.

ఇక అసలు పెళ్ళి సంగతికి వద్దాం. 1970ల నడిమికి అమెరికాలో కుర్రాళ్ళు ఇళ్ళలోనే కంప్యూటర్లు కూర్చటం మొదలెట్టారు. వాళ్ళ దగ్గర తెర కొనుక్కునే డబ్బు లేదు. ఇంట్లో టీవీ మాత్రం ఉంది. 1973 సెప్టెంబరులో ఒక రేడియో పత్రిక ముఖచిత్రం మీద 'టీవీ టైప్‌రైటర్' అనే వస్తువు వేశారు. డాన్ లాంకాస్టర్ అనే ఆయన రూపకల్పన. మీట నొక్కితే అక్షరం మీ ఇంటి టీవీలో పడుతుంది! పంక్తికి 32 అక్షరాలు, తెరకి 16 పంక్తులు. అంతకంటే సన్నగా రాస్తే ఇంటి టీవీ స్పష్టంగా చూపించలేదు. 1976లో వచ్చిన మొదటి ఆపిల్ కంప్యూటర్ దీ అదే పద్ధతి. 666 డాలర్ల 66 సెంట్లు పోస్తే చేతికొచ్చేది ఒక సర్క్యూటు పలక. పెట్టె మీరు చేయించుకోవాలి, కీబోర్డు మీరు తెచ్చుకోవాలి, తెర మీరు చూసుకోవాలి. కట్నం, కానుకలు, పందిరి, భోజనాలు అన్నీ ఆడపెళ్ళివారివే అన్నట్టు!

ఇక్కడే మొదటి పేచీ వచ్చింది. టీవీగారికి తెలిసిన దారి ఒక్కటే, యాంటెన్నా. ఆ దారిన, ఫలానా ఛానలు మీద వచ్చిన బొమ్మనే ఆయన లోపలికి రానిస్తాడు. కంప్యూటరు ఆ గుమ్మం దాటాలంటే వేషం మార్చుకోవాలి. తానూ ఒక చిట్టి టీవీ స్టేషన్నన్నట్టు, అమెరికాలో అయితే మూడో ఛానలో నాలుగో ఛానలో అయినట్టు నటించాలి. ఆ వేషం కట్టించే చిన్న డబ్బా పేరు ఆర్.ఎఫ్. మాడ్యులేటర్. ఈ నటన కాస్త శ్రుతి మించితే చుట్టుపక్కల టీవీల్లో గీతలు పడతాయి. అంచేత అక్కడి ప్రభుత్వం గట్టి నిబంధనలు పెట్టింది. 1977లో ఆపిల్ రెండో కంప్యూటర్ తెచ్చినప్పుడు ఈ తలనొప్పి మనకెందుకని ఆ డబ్బా తాము ఇవ్వటం మానేశారు. దాన్ని వేరే వ్యాపారి అమ్ముకున్నాడు. ఏ పెళ్ళిలోనైనా ముందు బాగుపడేది మధ్యవర్తేగదా!

ఇంగ్లండులో 1981లో క్లైవ్ సింక్లెయిర్ అనే ఆయన 'జడ్.ఎక్స్.81' అనే కంప్యూటరు 70 పౌన్లకే ఇచ్చాడు. విడిభాగాలు తెచ్చుకుని మీరే కూర్చుకుంటే 50 పౌన్లే. లక్షల్లో అమ్ముడుపోయింది. అదీ ఇంటి టీవీకే తగిలించాలి. ఇంట్లో టీవీ చూస్తే ఒక్కటే. పిల్లవాడు దాన్ని పట్టుకుంటే తండ్రికి వార్తలు లేవు, తల్లికి సీరియల్ లేదు. ఈ తగువు మనకీ తెలియంది కాదు. నా చిన్నప్పుడు పక్కింటి పిల్లలు వీడియో గేము డబ్బా టీవీ వెనక గుచ్చి, గీతలు పోయేదాకా ఛానలు తిప్పుతూ ఉంటే, వాళ్ళ నాయనమ్మగారు "నా భక్తి కార్యక్రమం పోతోందర్రా" అని మొత్తుకునేవారు. ఆవిడ మొర ఆలకించినవాళ్ళు లేరు. పెద్దతెర ఎవరి చేతిలో ఉంటే ఇంట్లో మాట వాళ్ళదే.

చేత్తో మోసుకుపోయే కంప్యూటరు వచ్చాక కథ ఇంకో మలుపు తిరిగింది. ఆ మలుపులో నిలబడ్డ మనిషికి మన దక్షిణదేశంతో చుట్టరికం ఉందని తెలిసి నాకు ఆశ్చర్యమేసింది. ఆడమ్ ఆస్బోర్న్ 1939లో బ్యాంకాక్‌లో పుట్టాడు. తండ్రి ఆర్థర్ ఆస్బోర్న్, రమణమహర్షి మీద పుస్తకాలు రాసిన ఆయనే. ప్రపంచయుద్ధంలో జపాను సైన్యం థాయ్‌లాండ్‌లో ఆర్థర్‌ని నిర్బంధించింది. భార్యా పిల్లలూ ముందే అరుణాచలం చేరి, యుద్ధం అయిందాకా ఆయన కోసం అక్కడే ఎదురుచూశారు. అలా మహర్షి ఆశ్రమం దగ్గర తమిళం మాట్లాడుతూ ఆడుకున్న పిల్లవాడు పెద్దవాడై, అమెరికాలో 1981లో 'ఆస్బోర్న్ 1' అనే కంప్యూటరు తయారుచేశాడు. చేతిపట్టుకో పిడి, సూట్‌కేసులా మూసే మూత. ఖరీదు 1795 డాలర్లు. బరువు సుమారు 11 కిలోలు, అంటే మనం తెచ్చుకునే పాతిక కిలోల బియ్యం బస్తాలో దాదాపు సగం. విమానంలో సీటు కింద పట్టేట్టు చేశాడు. ఇంతా చేస్తే తెర మాత్రం అయిదంగుళాలు! పంక్తికి 52 అక్షరాలు. కళ్ళు చికిలించుకు చూడాల్సిందే. అందుకని విడిగా పెద్ద తెర తగిలించుకునే ఏర్పాటు కూడా పెట్టాడు. ఊళ్ళో తిరిగేటప్పుడు చిన్న తెర, ఇంటికొచ్చాక పెద్ద తెర. ఇవాళ మనం చేస్తున్నది ఇదేగా! 1983లో ఆయన కంపెనీ దివాలా తీసింది. జబ్బుపడి చివరిరోజులకి మళ్ళీ దక్షిణదేశమే వచ్చి, 2003లో కొడైకెనాల్‌లో కన్నుమూశాడు. ఆయన కంపెనీ రెండేళ్ళ ముచ్చటే అయింది గాని, ఆయన చూపించిన దారి మాత్రం నిలిచింది.

1987 ఏప్రిల్‌లో ఐ.బి.ఎం. కంపెనీ కొత్త కంప్యూటర్లతోపాటు 'వి.జి.ఎ.' అనే ద్వారం తెచ్చింది. మీరు చూసే ఉంటారు. మూడు వరసల్లో పదిహేను బెజ్జాలు, రెండు పక్కలా మరలు. తరవాతి కాలంలో దానికి నీలంరంగు గుర్తుగా స్థిరపడింది. టీవీగారి గుమ్మంలో వేషాలు వెయ్యటం మానేసి కంప్యూటరు తన సొంత తెరలకి సొంత వాకిలి పెట్టుకుందన్నమాట. ఆ వాకిట్లోంచి బొమ్మ వెళుతుంది, శబ్దం వెళ్ళదు. శబ్దానికి వేరే తీగ వెయ్యాలి. అయినా అది దిట్టమైనది. 2010 డిసెంబరులో పెద్ద కంపెనీలు కొన్ని కలిసి 2015 కల్లా దీన్ని సాగనంపుతామని ప్రకటించాయి. అలా సాగనంపినా మన కాలేజీల్లో చాలా ప్రొజెక్టర్లకి ఇంకా ఆ నీలం మూతే దిక్కు.

ల్యాప్‌టాప్ నలుగురి ముందూ నిలబడి మాట్లాడగలదని నిరూపించిన రోజు 1992 ఫిబ్రవరి 25. పారిస్‌లోని హోటల్ రెజీనాలో మైక్రోసాఫ్ట్ ఉద్యోగుల సమావేశం. పవర్‌పాయింట్ సృష్టికర్తల్లో ఒకరైన రాబర్ట్ గాస్కిన్స్ చంకలో ల్యాప్‌టాప్ పెట్టుకుని లోపలికి వచ్చాడు. అంతవరకూ పవర్‌పాయింట్ అంటే పారదర్శకపు షీట్లమీద అచ్చు తీసి ఓవర్‌హెడ్ ప్రొజెక్టరుమీద ఒక్కొక్కటే మార్చుకోవటం, లేదా స్లైడ్లు చేయించటం. ఆయన తీగ తీసి ప్రొజెక్టరుకి గుచ్చాడు. రంగుల బొమ్మలు గోడమీదికి నేరుగా వచ్చేశాయి. హాలు చప్పట్లతో మోగిపోయింది. ఆ తరవాత ప్రపంచంలో ఎన్ని మధ్యాహ్నాలు ఎంతమంది ఆ బొమ్మల ముందు కునికిపాట్లు పడ్డారో ఆ చప్పట్లు కొట్టినవాళ్ళకి అప్పుడు తోచి ఉండదు.

ఇళ్ళలో మాత్రం ఇంకా పాత సంబంధమే నడిచింది. వి.సి.డి. ప్లేయర్ల రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. పసుపు, ఎరుపు, తెలుపు, మూడు తీగలు. పసుపుది బొమ్మ, మిగతా రెండూ కుడి ఎడమల శబ్దం. పసుపూ కుంకుమా పెట్టి పిలిచే ముత్తయిదువల్లా ఉండేవవి. తొంభైల చివర్లోనూ ఆ తరవాతా వచ్చిన ల్యాప్‌టాప్‌లు కొన్నింటికి టీవీకి పోయే గుండ్రటి చిన్న ద్వారం ఉండేది. దాంతో సినిమా చూడొచ్చుగాని అక్షరాలు చదవలేం. పాత టీవీకి కదిలే బొమ్మల మీద ఉన్న శ్రద్ధ అక్షరాలమీద లేదు.

అసలైన రాజీ 2002 డిసెంబరులో కుదిరింది. హిటాచీ, పానసోనిక్, ఫిలిప్స్, సోనీ, థామ్సన్, తోషిబా, సిలికాన్ ఇమేజ్, ఈ ఏడు కంపెనీలూ కూర్చుని ఒకే తీగ ఒప్పుకున్నాయి. దానిపేరు హెచ్.డి.ఎం.ఐ. పంతొమ్మిది సన్నటి కాళ్ళు. బొమ్మా, శబ్దమూ కలిసే వెళతాయి. మరలు బిగించక్కర్లేదు. ఇవాళ టీవీ వెనక మనం తడుముకునేది దీన్నే.

ఇది గుచ్చినప్పుడు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే మీకు సగం విసుగు తగ్గుతుంది. ముందు పెళ్ళిచూపులు జరుగుతాయి. టీవీ తన పేరూ, తన కొలతలూ, తాను భరించగల బొమ్మల వివరాలూ ల్యాప్‌టాప్‌కి చెబుతుంది. ఈ జాతకం చెప్పే పద్ధతి 1994లోనే స్థిరపడింది. అది విని ల్యాప్‌టాప్ తగిన బొమ్మ పంపుతుంది. కొన్ని సినిమాలయితే దొంగకాపీలు తియ్యకుండా రెండూ ఒకదాన్నొకటి రహస్య తాళాలతో పరీక్షించుకుంటాయి. నమ్మకం కుదరకపోతే తెర నల్లగా ఉండిపోతుంది. అందుకే ముందు టీవీ వేసి, రిమోట్‌తో సరైన హెచ్.డి.ఎం.ఐ. నంబరు ఎంచి, అప్పుడు తీగ గుచ్చటం మంచిది. అమ్మాయి తయారవకముందే పెళ్ళివారిని లోపలికి పిలిస్తే ఏమవుతుంది మరి! శబ్దం ల్యాప్‌టాప్‌లోనే వస్తుంటే, ధ్వని గుర్తుమీద నొక్కి టీవీ పేరు ఎంచుకోవాలి. అంచులు తెగిపోతే తప్పు ల్యాప్‌టాప్‌ది కాదు. పాత గాజు టీవీల్లో అంచుల దగ్గర బొమ్మ వంకర పోయేది. అందుకని కంపెనీలవాళ్ళు, చీర అంచు లోపలికి మడిచి కుట్టినట్టు, బొమ్మ కాస్త పెద్దది చేసి అంచులు చట్రం చాటుకి పోనిచ్చేవారు. గాజు టీవీ పోయింది గాని ఆ అలవాటు కొన్ని పలక టీవీల్లోకీ వచ్చింది. టీవీ సెట్టింగుల్లో బొమ్మ కొలత మారిస్తే అంచు బయటికి వస్తుంది.

తీగ కూడా లేకుండా చేద్దామని 2010 నించి ప్రయత్నాలు సాగాయి. ఆపిల్‌వారి ఎయిర్‌ప్లే ఆ ఏడు వచ్చింది. 2012లో మిరాకాస్ట్ అనే పద్ధతి వచ్చింది. 2013లో గూగుల్ 35 డాలర్లకి క్రోమ్‌కాస్ట్ అనే బొటనవేలంత వస్తువు ఇచ్చింది. ఇప్పుడు చాలా టీవీల్లో ఆ విద్య పుట్టుకతోనే ఉంటోంది. కొత్త ల్యాప్‌టాప్‌లు కొన్నింటికి హెచ్.డి.ఎం.ఐ. ద్వారమే ఉండదు. సన్నటి యు.ఎస్.బి. సి ద్వారం ఒక్కటే. మళ్ళీ ఒక మధ్యవర్తి డబ్బా కొనుక్కోవాలి. యాభై ఏళ్ళ కిందటి మాడ్యులేటర్ వ్యాపారి మనవడు ఎక్కడో నవ్వుకుంటూ ఉంటాడు.

ఇదంతా సౌకర్యాల కథ అని తీసిపారెయ్యబోతాం. 2020 వచ్చి అలా కాదని చెప్పింది. మార్చి 25న దేశమంతా తలుపులు వేసుకుంది. బడులు మూతబడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నించి దూరదర్శన్ యాదగిరి, టి శాట్ ఛానళ్ళలో పాఠాలు చెప్పారు. 1975లో ఊరి పెట్టె ముందు కూర్చున్నట్టే పిల్లలు మళ్ళీ టీవీ ముందు కూర్చున్నారు. మంచిదే. టీవీ లేని ఇళ్ళకంటే అదృష్టవంతులే. కాని ఆ పిల్ల చెయ్యెత్తి "టీచర్, నాకు అర్థం కాలేదు" అంటే టీవీకి వినబడదు. ల్యాప్‌టాప్ ఉన్న ఇంట్లో పిల్ల అడగగలిగింది, లేని ఇంట్లో పిల్ల వినగలిగింది. చెప్పే పెట్టెనీ, వినే పెట్టెనీ ఎందుకు కలపాలో బేర్‌గారి నాలుగు పేజీలకంటే స్పష్టంగా ఆ ఏడాది మనకి తెలిసింది.

పెద్దతెర వచ్చినా ఒక లోటు మిగులుతుందని మా అత్తయ్యగారి వల్ల తెలుసుకున్నాను. ఆవిడకి చూపు మందగించింది. ఫోనులో మనవడి ముఖం మసకగానే కనిపిస్తుంది. అందుకని న్యూజెర్సీ పిల్లవాడు మాట్లాడే రోజున ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలిస్తాం. మొదటిసారి ఆవిడ "అమ్మో, వీడికి ముందు పన్ను ఊడింది!" అని మురిసిపోయారు. అవతల పిల్లవాడు మాత్రం బిక్కమొహం పెట్టాడు. "నానమ్మ నావైపు చూడటం లేదు" అన్నాడు. నిజమే మరి. ఆవిడ చూస్తున్నది గోడమీది టీవీని, పిల్లవాణ్ణి చూస్తున్న కెమెరా కన్ను పక్క బల్లమీది ల్యాప్‌టాప్‌లో. ఆవిడకి మనవడి ముఖం ఎదురుగా, మనవడికి నాయనమ్మ చెవి! అప్పణ్ణించి ల్యాప్‌టాప్‌ని సరిగ్గా టీవీ కింద, మధ్యలో, స్టూలుమీద పెడుతున్నాను. ఇప్పుడు ఇద్దరూ ఎదురెదురుగానే ఉంటారు. ఈ ఏర్పాటు కోసం ఏ కంపెనీ కొత్త తీగా కనిపెట్టక్కర్లేదు. ఒక స్టూలు చాలు.

చివరగా ఒక మాట మనలో మనం చెప్పుకోవలసింది ఉంది. 2009లో వచ్చిన విండోస్ 7 నించి, విండోస్ మీటా, 'పి' మీటా కలిపి నొక్కితే నాలుగు దారులు కనిపిస్తాయి. ల్యాప్‌టాప్ ఒక్కటే, టీవీ ఒక్కటే, రెంటిలోనూ ఒకే బొమ్మ, రెండూ కలిపి ఒకే పొడుగాటి తెర. మూడోది డూప్లికేట్, నాలుగోది ఎక్స్‌టెండ్. ఇలా రెండు తెరలని కలిపి ఒక బల్లలా పరుచుకోవటం 1987లో మెకింతోష్ రెండో కంప్యూటరుకే తెలుసు. మగవాళ్ళు అలవాటుగా నొక్కేది డూప్లికేట్. అప్పుడు మన ల్యాప్‌టాప్‌లో ఏముంటే అది హాల్లో గోడకెక్కుతుంది. చెల్లెలు పంపిన మెసేజీ, బ్యాంకు లెక్క, నాలాంటిదానికైతే సగం రాసిన నవలా, అందులో ఎవరి పోలికలున్నాయో వెతికే చుట్టాల కళ్ళూ!

మన అమ్మమ్మలకి ఒక ట్రంకుపెట్టె ఉండేది. ఇల్లంతా అందరిదీ, ఆ పెట్టె ఒక్కటి ఆవిడది. అందులో పాత ఉత్తరాలూ, నాలుగు రూపాయలూ, ఎవరికీ చూపించని ఫోటో ఒకటీ ఉండేవి. ఇవాళ మనకా పెట్టె ల్యాప్‌టాప్ రూపంలో దొరికింది. హాల్లో టీవీ అందరిదీ. అందరికీ చూపించవలసింది సంతోషంగా చూపిద్దాం. మనవడి ఊడిన పన్ను పెద్దతెరమీద చూస్తేనే అందం. కాని తీగ గుచ్చగానే ఎక్స్‌టెండ్ నొక్కండి. అక్కడికి మనం జరిపిన బొమ్మే టీవీలోకి వెళుతుంది, మిగతాది మన ముందే ఉంటుంది. ఈ ఒక్క మీటా నేర్చుకుంటే టీవీ వెనక్కి వంగే పని కూడా మనమే చేసుకోవచ్చు. అరగంట పట్టదు, నేను లెక్క చూశాను. అయిదు నిమిషాలు.